గళ్లు లెక్కపెట్టుకునే సుఖం

చేతిలో సూది, ఒళ్లో గుడ్డ కనిపిస్తే చాలు, ఇంటికొచ్చినవాళ్లు అడిగేది "ఏం కుడుతున్నావు?" అని కాదు, "ఆర్డర్లు తీసుకుంటున్నావా?" అని. అవునా కాదా, మీరే చెప్పండి అక్కలూ! మన అమ్మల కాలంలో ఈ ప్రశ్న లేదు. మాటీ గుడ్డ మీద హంసల జంటో గులాబీల బుట్టో కుట్టి, అద్దం కట్టించి ముందు గదిలో తగిలించేవారు. రేడియోకి ముసుగు, టీవీకి ముసుగు, ఆఖరికి ఫోనుకి కూడా ఓ ముసుగు. ధర అడిగే పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు సందుకో మగ్గం వర్కు సెంటరు వచ్చింది, ఒక్కో జాకెట్టు వేలు పలుకుతోంది. దాంతో సూది పట్టిన ప్రతి ఆడదీ ఎంతో కొంత సంపాదించి తీరాలనే రూలొకటి తయారైంది.

గడికో ఇంటూ కుట్టే క్రాస్ స్టిచ్ ఆ రూలుకి లొంగదు. కావాలంటే లెక్క వేసి చూద్దాం. నిలువు 100 గళ్లు, అడ్డం 100 గళ్లు ఉన్న బొమ్మని నిండా కుడితే 10,000 కుట్లు. కొత్తల్లో గంటకి 100 కుట్లు పడితే గొప్పే. అంటే 100 గంటల పని. గంటకి 50 రూపాయలు కట్టుకున్నా కూలే 5,000 రూపాయలు. జానెడు కూడా లేని బొమ్మకి అంత ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. నాకైతే ఈ పనిలో ఉన్న హాయంతా అక్కడే ఉందనిపిస్తుంది. బేరం లేదు, గడువు లేదు, పండగలోపు కావాలని ఫోను చేసేవాళ్లు లేరు. కుట్టాలనిపిస్తే కుడతాం, లేకపోతే మడిచి పెడతాం.

అలాగని చేతిపనికి డబ్బు అడగకూడదని అనడం లేదు సుమా! అడిగితే నిండుగా అడగాలి. నర్సాపురం లేసు మీకు తెలిసిందే. అక్కడ క్రోషే సూదితో లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ అనే జర్మనీ సామాజిక శాస్త్రవేత్త 1982లో ఓ పుస్తకం అచ్చువేసింది. గంటల తరబడి అల్లుతున్నా దాన్ని పని కింద చూడక, ఇంట్లో ఊరికే కూచున్నవాళ్లు తీరికవేళ చేసుకునే కాలక్షేపం అని ముద్ర వేసి, ఆ వంకతోనే కూలి కోశారని ఆవిడ చూపించింది. అందుకే నా మాటేమిటంటే, ఇది మీ ఆటైనా కావాలి, మీ పనైనా కావాలి. ఆటైతే ధర లేదు, పనైతే పూర్తి ధర. "ఖాళీగానే ఉంటావుగా వదినా, మా పాప పుట్టినరోజుకి ఒకటి కుట్టిపెట్టు, దారం డబ్బులు ఇచ్చేస్తాలే" అనే మధ్యరకం బేరం మాత్రం ఒప్పుకోకండి. మీకై మీకు ఇవ్వాలనిపించి ఇస్తే అది వేరే సంగతి.

ఇక సామాను దగ్గరికొద్దాం. ఖర్చు పెద్దగా లేదు గానీ మొదట గుడ్డ దగ్గర పొరపడితే బొమ్మ అంతా పాడవుతుంది. మాటీ చవక, మన ఊళ్లలో తేలిగ్గా దొరుకుతుంది. అయితే కొన్ని మాటీ రకాల్లో నిలువు గడీ అడ్డం గడీ ఒక్క కొలతలో ఉండవు. వాటి మీద చంద్రుణ్ణి కుడితే కోడిగుడ్డు వస్తుంది. కొట్లోనే టేపు పెట్టి నిలువుగా 50 గళ్లు, అడ్డంగా 50 గళ్లు కొలవండి. రెండూ సమానంగా ఉంటే తీసుకోండి, లేకపోతే అది బల్లగుడ్డలకే పనికొస్తుంది. గంజి ఎక్కువ పెట్టిన గుడ్డైతే ముందు ఒకసారి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి మొదలుపెట్టాలి. తరవాత కుంచించుకుపోతే బొమ్మతో సహా ముడుచుకుంటుంది.

ఐడా గుడ్డైతే ఈ బెడద లేదు. గళ్లు నలుచదరంగా నేసి ఉంటాయి, సూది దిగే కన్నాలు కంటికి తెలుస్తాయి. 11, 14, 16, 18 అని కౌంటు నంబర్లు ఉంటాయి, అంగుళానికి అన్ని గళ్లన్నమాట. నంబరు పెరిగేకొద్దీ గడి చిన్నది, బొమ్మా చిన్నది. కొత్తవాళ్లకి 14 చాలు. నలభై దాటి చత్వారం మొదలైనవాళ్లు 18 జోలికి పోకండి, బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా సరే. 11 మీద కుట్టినా ఎవరూ చిన్నచూపు చూడరు. నల్ల ఐడా మీద మనసైతే ఒళ్లో ముందు ఓ తెల్లగుడ్డ పరుచుకోండి. కింద నించి తెలుపు కనబడి కన్నాలు తేలతాయి.

ఎంత గుడ్డ కావాలో తేల్చడానికి ఒక్క భాగహారం చాలు. బొమ్మ 140 గళ్ల వెడల్పు, 98 గళ్ల ఎత్తు అనుకోండి. 14 కౌంటు మీదైతే 10 అంగుళాలు, 7 అంగుళాలు. నాలుగు వైపులా 3 అంగుళాల చొప్పున వదిలితే 16కి 13. ఆ మూడంగుళాలు మిగల్చాలంటే మన ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు. కానీ ఫ్రేము కట్టేవాడికి పట్టు దొరకాలిగా! గుడ్డ కత్తిరించగానే అంచులు కచ్చాగా కుట్టేయండి, లేకపోతే రోజూ పోగులు ఊడివస్తూనే ఉంటాయి.

దారాల్లో మన కొట్లలో ఎక్కువగా దొరికేది యాంకర్. ఇంకో రకం డీఎంసీ. అది ఫ్రాన్స్‌లోని మ్యూలూజ్ పట్టణంలో 1746లో మొదలైన కంపెనీ. వాళ్ల లచ్చీల్లో ఇప్పుడు 500 రంగులున్నాయి. రెండు కంపెనీల లచ్చీ 8 మీటర్లే, ఆరు పోగులే, కానీ నంబర్లు వేరు. నలుపు కావాలంటే యాంకర్‌లో 403, డీఎంసీలో 310. దీని నంబరుకి దానిలో ఏది దగ్గరో చెప్పే పట్టికలు ఉంటాయి. 'దగ్గర' అనే మాటని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒకే ఆకులో సగం ఇదీ సగం అదీ కుడితే పగటి వెలుతురులో తేడా తెలిసిపోతుంది. అందుకని లచ్చీ కాగితం మీద నంబరు చింపి పారేయకండి. దారాన్ని అట్టముక్కకి చుట్టి, మీద నంబరు రాసుకోండి. సగంలో దారం అయిపోయి, కొట్టువాడి ముందు "ఆ నీలం కాదండీ, ఇంకొంచెం బూడిదగా ఉండే నీలం" అని నిలబడే అవస్థ తప్పుతుంది.

సూది మొన మొద్దుగా, బెజ్జం పొడుగ్గా ఉండాలి. ట్యాపెస్ట్రీ సూది అని అడగండి. 14 కౌంటుకి 24 నంబరు, 16, 18 కౌంట్లకి 26. జాకెట్టు హుక్కులు కుట్టే సూదితో కుడితే అది కన్నంలోకి కాకుండా పోగులోకి దిగుతుంది, పక్క కుట్టుని చీలుస్తుంది.

దారం మోచేతి నించి వేలి కొసల దాకా ఉంటే చాలు. మాటిమాటికీ సూదిలోకి ఎక్కించే బద్ధకంతో బారెడు దారం తీస్తామా, గుడ్డలోంచి లాగి లాగి అది నూగు లేచి, మెరుపు చచ్చి, నాలుగు కుట్లకో ముడి పడుతుంది. ఆరు పోగుల్లోంచి కావలసిన రెండింటినీ ఒకేసారి గుంజకండి. ఒక్కొక్క పోగూ పైకి లాగి, విడిగా తీసి, మళ్లీ రెండూ జత చెయ్యండి. అలా చేస్తే కుట్టు ఒత్తుగా పరుచుకుంటుంది. కుడుతుండగా దారం మెలిపడితే గుడ్డ తలకిందులు చేసి సూదిని వేలాడదీయండి, దానంతట అదే గిరగిరా తిరిగి మెలి విప్పుకుంటుంది. జరీ పోగైతే మోచెయ్యి కూడా ఎక్కువే, జానెడు తీసుకోండి. దాని పేచీలకి అంతులేదు, నేను దాని వైపు పోవడమే తక్కువ.

ముడి వెయ్యకండి. ముడి వేస్తే ఇస్త్రీ చేశాక ముందువైపు చిన్న బొడిపెలా తేలుతుంది. రెండు పోగులతో కుట్టేటప్పుడు తేలిక మార్గం ఒకటుంది. రెట్టింపు పొడవున్న ఒక్క పోగు తీసుకుని సగానికి మడవండి. రెండు కొసలూ కలిపి బెజ్జంలోకి ఎక్కిస్తే వెనక ఉంగరంలా మడత మిగులుతుంది. మొదటి సగం కుట్టు వేసి సూది వెనక్కి వచ్చినప్పుడు ఆ మడతలోంచి దూర్చి లాగితే సరి, ముడి లేకుండానే బిగిసిపోతుంది. చివర్లో నాలుగైదు కుట్ల కిందుగా దూర్చి కత్తిరించండి.

ఇక అసలు సూత్రం. కింది గీటు ఎటు వేసినా ఫరవాలేదు, పై గీటు మాత్రం బొమ్మంతటా ఒక్క వైపుకే ఉండాలి. రంగు మారినా, రోజు మారినా, గుడ్డ తిప్పి పట్టుకున్నా అది మారకూడదు. దారం మీద వెలుతురు పడే తీరు పై గీటుని బట్టి ఉంటుంది. నాలుగు కుట్లు ఎదురు తిరిగితే ఆకాశంలో మరక పడ్డట్టే. ఒకే రంగు వరసగా ఉంటే ముందు వరసంతా సగం కుట్లు వేసుకుంటూ పోయి, తిరుగు ప్రయాణంలో ఇంటూలు పూర్తి చెయ్యండి, దారం ఆదా అవుతుంది. రంగులు చెదురుమదురుగా ఉన్నచోట ఒక్కో ఇంటూ అక్కడికక్కడే ముగించడం నయం.

గుడ్డని నాలుగు మడతలు పెట్టి నడిబొడ్డు కనుక్కుని అక్కడ మొదలుపెట్టమంటారు, అది మంచి మాటే. దానికన్నా మేలైంది, పది పది గళ్లకి ఓ గీత గీసుకోవడం. బొమ్మని గళ్లలో చూపే చార్టులో కూడా పదేసి గళ్లకి లావు గీత ఉంటుంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుంటే లెక్క తప్పదు. నీళ్లకి పోయే పెన్నుతో గీస్తే మాత్రం ఒక జాగ్రత్త. ఉతికే ముందు పొరపాటున ఇస్త్రీ పెట్టారా, ఆ గీతలు కొన్నిసార్లు శాశ్వతంగా ఉండిపోతాయి. ఆ భయం వద్దనుకుంటే వేరే రంగు దారంతో కచ్చాకుట్టు వేసుకుని తరవాత లాగెయ్యండి.

ఎంత జాగ్రత్తపడ్డా ఎక్కడో ఒక గడి తప్పుతుంది. అప్పుడు విప్పాలా వద్దా? ఆకులోనో, మేఘంలోనో, కుక్కపిల్ల బొచ్చులోనో తప్పితే వదిలెయ్యండి, దేవుడు కూడా ఆకులన్నీ ఒక్కలా చెయ్యలేదు. కళ్లు, ముక్కు, అక్షరాలు, అంచు, ఈ నాలుగింట్లో తప్పితే వెంటనే విప్పాలి. అంచు సంగతి మరీను. ఈ మూల ఒక గడి జరిగితే చుట్టూ తిరిగొచ్చాక రెండు కొసలూ కలవవు, అప్పుడు ఏడ్చి లాభం లేదు. నాలుగు కుట్లైతే సూది మొద్దువైపుతో వెనక్కి లాగొచ్చు. నలభై కుట్లైతే ఆ దారం మీద ఆశ వదులుకుని, చిన్న కత్తెరతో మధ్యలో తుంచి ముక్కలుగా తీసెయ్యండి.

వెనకవైపు గురించి ఇంట్లో పెద్ద చర్చలే జరుగుతాయి. బొమ్మ చేతికిస్తే తిరగేసి చూసి మార్కులు వేసే అత్తగార్లున్నారు కదా! ధార్వాడ వైపు ఇల్కల్ చీరల మీద వేసే కసూతిలో గవంతి, ముర్గి అనే కుట్లు రెండు వైపులా ఒక్కలాగే కనబడతాయి. అక్కడ ఆ శుభ్రం కుట్టులోనే ఉంది. అదే కసూతిలో మన ఇంటూ కుట్టు లాంటిది మెంతి, దానికి వెనకవైపు అలా రాదు, దారమూ ఎక్కువ తింటుంది. వందల ఏళ్ల చేతులకే రానిది మన నించి ఆశించక్కర్లేదు. పట్టించుకోవలసింది ఒక్కటే. ముదురు రంగు దారాన్ని వెనకనించి ఖాళీ గళ్ల మీదుగా దూరంగా లాక్కుపోకండి. మూడు నాలుగు గళ్లు దాటితే తెల్లగుడ్డలోంచి నీడలా కనిపిస్తుంది.

బొమ్మ ఎంచుకోవడంలో నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. నెలల తరబడి దాని ముఖం చూస్తూ కూర్చోవాలి, కాబట్టి మంచి బొమ్మ కాదు, మీకు నచ్చిన బొమ్మ కావాలి. పెళ్లిఫోటోని చార్టుగా మార్చే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, వాటి మాయలో పడకండి. మొహం మీద నీడలన్నీ పట్టుకోవాలని అది డజన్ల కొద్దీ రంగులు ఇస్తుంది, ఇక్కడో కుట్టు అక్కడో కుట్టు చల్లినట్టు. అందులో సగం సమయం దారం మార్చడానికే పోతుంది. అంతకష్టం పడ్డాక దూరం నించి చూస్తే ఆయన కనబడతాడు, దగ్గరికెళ్తే కనబడడు.

చేతనైతే మీరే గీసుకోండి. గ్రాఫు పుస్తకం ఒకటి కొనుక్కుంటే చాలు. మెలికల ముగ్గు గడుల మీద కూర్చోదు, వంకరలు విరిగిపోతాయి, ఆ ప్రయత్నం వద్దు. బీరువా తెరిచి చీరలు చూడండి. సిద్దిపేట గొల్లభామ బుటా ఉంది, తల మీద చల్లకుండతో, దాన్ని గళ్లలోకి దించడం ఎంత సులువో! గద్వాల చీర అంచులో గుడి గోపురాల్లాంటి కోణాలు మెట్లు మెట్లుగా ఎక్కుతాయి, అవి ఉన్నవున్నట్టు అంచుగా వాడుకోవచ్చు. పోచంపల్లి డైమండ్లు సరేసరి. నేతలో బుటా పుట్టేది నిలువు పోగూ అడ్డపోగూ లెక్కలోంచే కాబట్టి మన గుడ్డ మీదికి ఇట్టే వచ్చేస్తుంది.

తెలుగు అక్షరాలే మొండికేస్తాయి. ఇంగ్లీషు అక్షరం ఏడు గళ్ల ఎత్తులో ఇమిడిపోతుంది. మన గుండ్రాలు, తలకట్లు, కింద వేలాడే ఒత్తులు అందులో ఇరుక్కుని గుర్తుపట్టలేనట్టు అవుతాయి. పిల్లల పేర్లు కుట్టేటప్పుడు ఇంటూలు మానేసి, గీతలా సాగే బ్యాక్ స్టిచ్‌తో రాయండి, సన్నగా ఒంపులు తిరుగుతుంది. వరసకీ వరసకీ మధ్య ఒత్తుల కోసం అదనంగా చోటు వదలండి. మామూలు బొమ్మల్లో కూడా చివరిగా వేసే బ్యాక్ స్టిచ్‌ని బద్ధకించి ఎగ్గొట్టకండి. ఒక్క పోగుతో ఆ గీత గీసేదాకా పిచ్చుక పిచ్చుకలా ఉండదు, గోధుమరంగు ముద్దలా ఉంటుంది.

ఇది ఆడవాళ్ల పని అనేవాళ్లకి ఒక కబురు. రెండో ప్రపంచయుద్ధంలో అలెక్సిస్ కాస్డాగ్లీ అనే బ్రిటిష్ మేజరు జర్మన్ల చేతికి చిక్కాడు. 1941లో ఖైదీల శిబిరంలో కూర్చుని, ఊడదీసిన పాత స్వెట్టరు పోగులతో ఓ గుడ్డ కుట్టాడు. అంచు చుట్టూ చుక్కలు, గీతలు. ముచ్చటగా ఉందని జర్మన్లే దాన్ని పదిమందికీ చూపించేలా పెట్టారు. ఆ చుక్కలూ గీతలూ మోర్స్ కోడ్. ఒక వరసలో తమ రాజుని దేవుడు కాపాడాలని ఉంది, ఇంకో వరసలో హిట్లర్‌ని పచ్చిగా తిట్టిన తిట్టు. రిటైరై, పేపరు మూడుసార్లు చదివి, వంటింట్లోకొచ్చి సలహాలిచ్చే మీవారికి ఈ కథ చెప్పి, 14 కౌంటు ముక్క చేతికివ్వండి.

దీపాలు పెట్టాక సూది పట్టొద్దని మన పెద్దవాళ్లు అనేవారు. దానికి వాళ్లు చెప్పిన కారణాలు ఎలా ఉన్నా కళ్లకి అది మంచి సలహానే. కుడిచేతివాటం వాళ్లైతే ఎడమవైపు నించి వెలుతురు పడేలా కూర్చోండి, చేతి నీడ కుట్టు మీద పడదు. మధ్యమధ్య తలెత్తి కిటికీలోంచి దూరంగా ఓ చెట్టునో, ఎదురింటి డాబానో చూడండి. ఒళ్లో దిండు పెట్టుకుంటే మెడ వంగదు. చేతులకి కొబ్బరినూనె, పసుపు, క్రీము లేకుండా కడుక్కుని కూర్చోండి. లేచేటప్పుడు గుడ్డకి బిగించిన రింగు తీసెయ్యండి, వారాల తరబడి బిగించి వదిలేస్తే ఆ గుండ్రటి ముద్ర ఓ పట్టాన పోదు. గుడ్డని ఉతికిన దిండు గలేబులో పెట్టుకుంటే పోపు మరకలు పడవు. పంకా కింద విడి పోగులు బల్ల మీద పరిచారా, అవి ఇల్లంతా తిరిగి చివరికి సాంబారులో తేలతాయి.

పూర్తయ్యాక ఉతకడానికి భయపడకండి, చేతి జిడ్డు గుడ్డలో ఉండిపోతే తరవాత పసుపెక్కుతుంది. చల్లటి నీళ్లు, కాస్త తేలిక సబ్బు. ఎరుపు కారుతోందా, కంగారుపడి ఆరెయ్యకండి. ఆరితే మరక నిలిచిపోతుంది. నీళ్లు మారుస్తూ, తేటనీళ్లు వచ్చేదాకా జాడిస్తూనే ఉండండి. పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తండి. మందమైన తువ్వాలు మీద బోర్లా పెట్టి వెనకనించి ఇస్త్రీ చేస్తే కుట్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఫ్రేము షాపులో జిగురు పెట్టి అట్టకి అంటించబోతారు, ఒప్పుకోవద్దు. వెనక అంచుల్ని దారంతో అటూ ఇటూ లాగి బిగించమనండి, లేదా ఇంట్లో మీరే బిగించి తీసుకెళ్లండి. అద్దం కుట్లకి తగలకుండా చుట్టూ ఓ అట్ట అంచు పెట్టించండి, మన వానాకాలంలో తేమ పట్టి బూజు రాకుండా ఉంటుంది.

ఫ్రేముకి ఇచ్చేముందు ఇంకో చిన్న పని ఉంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఓ కుట్టుగుడ్డ ఉంది. జేన్ బోస్టాక్ అనే ఆవిడ తన పేరు, 1598 అని సంవత్సరం, ఆలిస్ లీ అనే పాప పుట్టిన తేదీ అందులో కుట్టింది. బ్రిటన్‌లో తేదీ వేసి ఉన్న కుట్టు నమూనాల్లో అంతకన్నా పాతది కనబడలేదు. మన అమ్మలు కుట్టిన హంసలకి పేరు లేదు, సంవత్సరం లేదు, అమ్మ కుట్టిందో పిన్ని కుట్టిందో తేల్చుకోలేక ఇప్పటికీ ఇళ్లలో వాదనలే. మీరు మాత్రం కింద కుడివైపు మూలన ఒక్క పోగుతో మీ పొడి అక్షరాలు, సంవత్సరం వేసెయ్యండి. దానికి 20 గళ్ల వెడల్పు చోటు చాలు. ఆ చోటేదో చార్టు చేతిలోకి తీసుకున్నరోజే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి, ఆఖర్న వెతికితే గడ్డి పరకలో పూలరెక్కలో అడ్డం వస్తాయి.